వాట్సాప్‌లో అక్షరదోషాన్ని ఎలా ఎత్తిచూపాలి?

కావలసినవి: తెలుగు కీబోర్డు ఉన్న ఫోను, ఆంధ్రభారతి వెబ్‌సైటులో తెలుగు నిఘంటువులను వెతికే ‘నిఘంటుశోధన’ పేజీ, కాస్త ఓపిక.

ముందు సందేశం పూర్తిగా చదివి, విషయానికి జవాబివ్వండి. మరణవార్త అయితే దిద్దుబాటు ఊసే ఎత్తవద్దు.

అసలు కష్టం తర్వాతి మెట్టులో ఉంది: అది నిజంగా తప్పేనా అని తేల్చుకోవడం. చాలామంది ఇది దాటేసి నేరుగా వాదనకు దిగుతారు, ఇక గ్రూపంతా రచ్చే. మాట సంస్కృతం నుంచి వచ్చిందా, అచ్చ తెలుగుదా అన్నది మొదట చూడండి. సంస్కృత పదాల్లో వత్తు మారితే మాటే మారిపోవచ్చు. ‘అర్థం’ అంటే భావం, ‘అర్ధం’ అంటే సగం. ఫోను తెరపై ఈ రెంటికీ తేడా వత్తు కడుపులోని చిన్న చుక్కే. అక్షరాలు పెద్దవి చేసి చూడండి. ‘విద్యార్థి’, ‘ప్రార్థన’ల్లో ఆ చుక్క ఉండాలి, ‘అర్ధరాత్రి’లో ఉండకూడదు. ‘ధన్యవాధాలు’, ‘సంధర్భం’ ఎవరు రాసినా తప్పే. ధన్యవాదాలు, సందర్భం అని రాయాలి.

అచ్చ తెలుగు మాటలైన చేశాడు, చేసాడు సంగతి వేరు. రెండూ అచ్చులో కనిపిస్తాయి. ‘చేశాడు’ అనే రాయండి, కానీ ‘చేసాడు’ రాసినవారిని తప్పుపట్టవద్దు. శబ్దరత్నాకరంలో లేదు కాబట్టి తప్పనడం అన్యాయం. 1885 నాటి ఆ నిఘంటువును కూర్చింది కావ్యభాష కోసం. గూగుల్‌లో ఎక్కువ ఫలితాలు వచ్చిందే ఒప్పనడం మరీ అన్యాయం. పదిమంది రాసిన తప్పు కూడా అక్కడ దర్జాగా కనిపిస్తుంది.

శాస్త్ర పదాల దగ్గర ఇంకా జాగ్రత్త. ‘బియ్యం బరువు ఐదు కిలోలు’ అన్నవారికి అది ద్రవ్యరాశి అనీ, బరువును న్యూటన్లలో చెప్పాలనీ పాఠం మొదలుపెట్టవద్దు. భౌతికశాస్త్ర తరగతిలో అది నిజమే, కిరాణా కొట్లో మాత్రం బరువే సరైన మాట. అరెస్టయిన మనిషిని ‘దోషి’ అని రాస్తే మాత్రం ఊరుకోవద్దు. కోర్టు తేల్చేదాకా అతను నిందితుడే. ‘దోషి’ అన్న ఒక్క మాటతో ఒక కుటుంబం పరువు వీధిన పడుతుంది.

ఇక దిద్దడం తేలికే. మీ జవాబులో సరైన రూపం వాడండి, అడిగితే కారణం చెప్పండి. పెద్దవారైతే విడిగా ‘బాబాయిగారూ, ఇది ఇలా ఉండాలేమో చూడండి’ అని పంపండి. నిఘంటువు పేజీ ఫొటో తీసి గ్రూపులో పెట్టకండి. ఎదురువాదన వస్తే లంకె ఒక్కటి ఇచ్చి ఆపేయండి.