స్టోరేజ్ క్లాక్: ముందు ఖాళీ చూడండి, తర్వాతే డిలే మార్చండి

అల్లూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దగ్గర నీళ్లలో ఆక్సిజన్ కొలిచే పెట్టెలు బిగించడం నా పని. లోపల చిన్న లైనక్స్ బోర్డు, దాని మీద ఈఎంఎంసీ అనే స్టోరేజ్ చిప్, బయట సోలార్ ప్యానెల్, 12 వోల్టుల బ్యాటరీ. బ్యాటరీ తెల్లారేదాకా ఆగట్లేదంటే చాలామంది నేరుగా డ్రైవర్ సెట్టింగుల మీద పడతారు, ముఖ్యంగా స్టోరేజ్ క్లాక్‌ని (చిప్‌ని నడిపించే టిక్‌టిక్ సిగ్నల్) ఎంతసేపు చూసి ఆపాలో చెప్పే డిలే మీద. నేను ముందు చూసేది, రెండు రాతల మధ్య స్టోరేజ్ ఎంతసేపు ఖాళీగా ఉంటోందనేది.

ఇది లైనక్స్ మూలభాగమైన కెర్నలే చెబుతుంది. ఈఎంఎంసీని నడిపే ఎంఎంసీ కంట్రోలర్‌కి సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ తన లెక్కలు, సెట్టింగులు ఫైళ్లలా చూపించే చోటు) ఉండే పవర్ ఫోల్డర్‌లో రన్‌టైమ్ యాక్టివ్ టైమ్, రన్‌టైమ్ సస్పెండెడ్ టైమ్ అని రెండు ఫైళ్లుంటాయి. పది నిమిషాల తేడాతో రెండుసార్లు చదివి, రెండో అంకెలోంచి మొదటిది తీసేయండి, మెలకువ ఎంతో నిద్ర ఎంతో తేలిపోతుంది. నిద్ర లెక్క అసలు కదలకపోతే అక్కడే ఉన్న కంట్రోల్ ఫైల్ తెరవండి. అందులో ‘ఆన్’ అని ఉంటే కంట్రోలర్ ఎప్పటికీ పడుకోదు. ‘ఆటో’ అని రాయాలి.

ఇక క్లాక్ విషయంలో రెండు పద్ధతులు. పనిలేనప్పుడు పూర్తిగా ఆపేయడం గేటింగ్, పని ఉన్నప్పుడే వేగం తగ్గించడం స్కేలింగ్. చిప్‌లో స్విచింగ్‌కి అయ్యే పవర్ ఫ్రీక్వెన్సీని (క్లాక్ వేగాన్ని) బట్టి, వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వోల్టేజీ తగ్గించకుండా ఫ్రీక్వెన్సీ ఒక్కటే సగం చేస్తే అదే పనికి రెట్టింపు టైం పడుతుంది, అంతసేపూ మిగతా చిప్ మేలుకునే ఉంటుంది. అందుకే మా పెట్టెల్లాంటి వాటికి స్కేలింగ్ జోలికి పోను. ఫుల్ స్పీడులో రాసేసి పడుకోబెట్టడమే లాభం. ఫోన్లలో ఉండే యూఎఫ్‌ఎస్ అనే వేగమైన స్టోరేజ్ సంగతి వేరు. అక్కడ కెర్నల్‌లోని డెవ్‌ఫ్రీక్ అనే భాగం లోడ్ చూసి క్లాక్ పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది, పెద్ద ఫైళ్లు కదిలేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ఎంతసేపు ఆగి పడుకోబెట్టాలి? గుంట నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ మోటారు ప్రతిసారీ స్టార్టింగ్‌లో ఎక్కువ కరెంటు లాగినట్టే, క్లాక్‌ని ఆపి మళ్లీ లేపడానికీ ఖర్చుంది. ఖాళీ ఆ ఖర్చును మించితేనే ఆపాలి. ఎస్‌డీహెచ్‌సీఐ రకం ఎంఎంసీ కంట్రోలర్ల డ్రైవర్లు కొన్నింటిలో ఆటోసస్పెండ్ డిలే (ఖాళీ అయ్యాక పడుకోబెట్టే ముందు ఆగే సమయం) 50 మిల్లీసెకన్లు, లైనక్స్ యూఎఫ్‌ఎస్‌లో క్లాక్ గేటింగ్ డిలే మామూలుగా 150. మీ రాతలు సరిగ్గా ఈ అంచు దాటగానే వస్తుంటే, ఆపీ ఆపగానే మళ్లీ లేపాలి, రెండు వైపులా నష్టమే. అప్పుడు డిలే కాస్త పెంచండి. ఆటోసస్పెండ్‌కి మాత్రం మైనస్ విలువ ఇవ్వకండి, ఇస్తే నిద్రే ఉండదు.

స్పీడ్ టెస్ట్‌లో జనం మోసపోయేది ఇక్కడే. స్టోరేజ్ వేగం కొలిచే ఎఫ్‌ఐఓ ప్రోగ్రామ్‌ని మామూలుగా నడిపితే రిక్వెస్టులు ఆగకుండా వస్తాయి, క్లాక్ ఆగే సందే దొరకదు, కాబట్టి ఏ డిలే పెట్టినా అంకెలు ఒకేలా కనిపిస్తాయి. థింక్‌టైమ్ ఆప్షన్‌తో రాతల మధ్య మీ డిలే కన్నా ఎక్కువ విరామం పెట్టండి. అది మైక్రోసెకన్లలో ఇవ్వాలి, 200 మిల్లీసెకన్లంటే 2,00,000. సగటు వదిలేసి 99వ పర్సంటైల్ లేటెన్సీ (నూటికి 99 రిక్వెస్టులు ఎంతలోపు పూర్తయ్యాయో ఆ సమయం) చూడండి. లేవడానికి పట్టే ఆలస్యం అక్కడ బయటపడుతుంది.

నిజం చెప్పాలంటే మా పెట్టెల్లో పెద్ద ఆదా డ్రైవర్‌లో లేదు, అప్లికేషన్‌లో ఉంది. ప్రతి రీడింగ్‌కీ ఎఫ్‌సింక్ (డేటాని వెంటనే స్టోరేజ్‌లో రాయించే పిలుపు) కొడితే స్టోరేజ్ పడుకునేదెప్పుడు? మామూలు రీడింగులు మెమరీలో పోగేసి ఒకేసారి రాయండి. లైనక్స్ ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 సెకన్లకోసారి కమిట్ చేస్తుంది, అంటే పోగైన మార్పుల్ని స్టోరేజ్‌లోకి రాస్తుంది, మౌంట్ ఆప్షన్‌లో దాన్ని 60 చేయొచ్చు. పవర్ పోతే ఆ మధ్య డేటా పోతుందని గుర్తుంచుకోండి. ఒక రైతు నాతో అన్నాడు, “బ్యాటరీ గొడవ నాకెందుకు అబ్బయ్యా, తెల్లారుజామున ఆక్సిజన్ పడిపోతే నాకు తెలియాలంతే.” ఆయన టెన్షన్ న్యాయమైందే, గుంటలో ఆక్సిజన్ బాగా తగ్గేది ఆ వేళే. అందుకని హద్దు కింద పడిన రీడింగ్‌ని మాత్రం వెంటనే ఎఫ్‌సింక్ చేసి, మిగతావి పోగేసి తర్వాత రాస్తాను.

డ్రైవర్ సొంతంగా రాసేవాళ్లకు ఒక్క మాట. క్లాక్‌ని ఆగకుండా పట్టే హోల్డ్, వదిలేసే రిలీజ్ జతగా ఉండాలి, ఎర్రర్ దారిలో కూడా. రిలీజ్ మర్చిపోతే క్లాక్ ఎప్పటికీ ఆగదు. రిలీజ్ ఒకటి ఎక్కువైతే క్లాక్ లేనప్పుడు రిజిస్టర్ ముట్టుకుని, కొన్ని చిప్‌లలో బోర్డే బిగుసుకుపోతుంది. పరికరాన్ని లేపే పీఎం రన్‌టైమ్ గెట్ సింక్ ఫంక్షన్ ఫెయిలైనా, ఎంతమంది వాడుతున్నారనే కౌంట్‌ని పెంచేస్తుంది. ఫెయిలైతే కౌంట్‌ని తనే సరిచేసే రెజ్యూమ్ అండ్ గెట్ వాడితే ఆ తలనొప్పి ఉండదు.

సిస్‌ఎఫ్‌ఎస్‌లో రాసిన విలువలు రీబూట్‌తో పోతాయి. బోర్డు ఆన్ అయినప్పుడల్లా వాటిని మళ్లీ రాసే యూడెవ్ రూల్‌లో పెట్టి, ఒకసారి కరెంటు పీకి మళ్లీ పెట్టి, విలువలు నిలిచాయో లేదో చూశాకే పెట్టె మూత బిగించండి.