కాండంలో నీటి ప్రయాణాన్ని స్వయంగా పరీక్షించే విధానం

మొక్కలో నీరు పైకి ఎలా చేరుతుందని అడిగితే, వేళ్లే దాన్ని పైకి నెడతాయని చాలామంది చెబుతారు. అది కొంతవరకే నిజం. ఈ పనిలో ప్రధాన బలం ఆకులది. వేళ్లు లేని కొమ్మతో చేసే చిన్న ప్రయోగం ఈ సంగతిని స్పష్టంగా చూపుతుంది.

బాల్సం వంటి లేత కాండం గల మొక్క నుంచి ఒకే పొడవు, ఇంచుమించు ఒకే సంఖ్యలో ఆకులున్న రెండు కొమ్మలను తీసుకుని, వాటి అడుగు భాగాన్ని నీటిలో ముంచి ఉంచి, నీటిలోపలే మరోసారి ఏటవాలుగా కోయండి. ఈ జాగ్రత్తను ఎంతమాత్రం విస్మరించకూడదు. కాండంలోని నీరు పైనుంచి లాగబడుతూ ఉంటుంది కనుక, గాలిలో కోసిన వెంటనే కోతలోంచి గాలి లోపలికి చొరబడి, నీటి ధార తెగిపోతుంది.

తరువాత ఒక కొమ్మ ఆకులన్నిటినీ తుంచి, ఆ గాయాలకు వాసెలిన్ పూయండి. రెండు గ్లాసుల్లో ఎర్రని ఫుడ్ కలర్ కలిపిన నీటిని సమానంగా పోసి, కొమ్మలను నిలిపి, నీరు ఆవిరైపోకుండా పైన పలుచగా నూనె వేసి, నీటి మట్టం వద్ద గుర్తు పెట్టండి. వెలుతురు, గాలి తగిలే చోట కొన్ని గంటలు ఉంచితే, ఆకులున్న కొమ్మ గ్లాసులో నీరు ఎక్కువగా తగ్గుతుంది. కాండాన్ని అడ్డంగా కోసి చూస్తే, రంగు అంతటా పరుచుకోకుండా చుక్కలుగా కనిపిస్తుంది. ఆ చుక్కలే నీటిని మోసే దారువు. రంగు ఎక్కిన ఎత్తును బట్టి నీటి వేగాన్ని లెక్కించడం మాత్రం సరికాదు, ఎందుకంటే కొన్ని రంగులు నాళాల గోడలకు అంటుకుని వెనుకబడతాయి.

ఆకుల పత్రరంధ్రాల (ఆకులపై ఉండే అతి సన్నని రంధ్రాల) నుంచి నీరు ఆవిరవుతున్నకొద్దీ, ఒకదానినొకటి గట్టిగా పట్టుకుని ఉండే నీటి అణువుల వరుస మొత్తం పైకి లాగబడుతుంది. శాస్త్రవేత్తలు డిక్సన్, జోలీ 1894లో ప్రతిపాదించిన ఈ వివరణ, వంద మీటర్లకు పైగా పెరిగే చెట్ల చివరి ఆకుకు కూడా నీరు ఎలా అందుతుందో చెబుతుంది. వాతావరణ పీడనం ఒక్కటే అయితే నీటిని సుమారు 10 మీటర్లకు మించి ఎత్తలేదు. దారునాళాలు మృతకణాలతో ఏర్పడినవే అయినా ఈ పనికి ఆటంకం లేకపోవడం నాకు ఎప్పటికీ అబ్బురమే.

వేళ్ల పాత్రను విడిగా చూడాలంటే, కుండీలోని టమాటా మొక్కకు బాగా నీరు పోసి, మట్టికి కొంచెం పైన కాండాన్ని కోయండి. వేళ్లపై వెంట్రుకల్లా ఉండే మూలకేశాలు ద్రవాభిసరణ ద్వారా (పలుచని ద్రవం నుంచి చిక్కని ద్రవం వైపు పొర గుండా నీరు చేరడం ద్వారా) తీసుకున్న నీరు, వేళ్లలో ఏర్పడే ఒత్తిడి అయిన వేరు పీడనం వల్ల కోత వద్ద బొట్లుగా ఊరుతుంది. తేమ ఎక్కువగా ఉన్న రాత్రుల తరువాత ఆకుల అంచులపై కనిపించే బొట్లలో కొన్ని ఇలా వచ్చినవే, అన్నీ మంచు కాదు.

నారు నాటేటప్పుడు ఈ రెండు సంగతులూ అక్కరకు వస్తాయి. పీకినప్పుడు మూలకేశాలు తెగిపోతాయి, ఆకులు మాత్రం నీటిని వదులుతూనే ఉంటాయి. అందువల్ల మట్టి గడ్డతో సహా మొక్కను తీసి, సాయంత్రం వేళ నాటి, కొత్త మూలకేశాలు వచ్చేదాకా కొన్ని రోజులు నీడ కల్పించాలి.