పార్సిల్ బుక్ చేసే ముందు ఇవి చూస్కోండి

ఆవకాయ జాడీలైనా చీమకుర్తి గ్రానైట్ ముక్కలైనా, ఒంగోలు నుంచి పంపేటప్పుడు రేటొక్కటే చూసి బుక్ చేసేయొద్దు.

- చాలా కొరియర్లోళ్ళు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు, వచ్చింది అసలు బరువు కన్నా ఎక్కువైతే దాన్నే కేజీల కింద లెక్కేస్తారు, అంటే 50×40×40 పెట్టెలో ఉదయగిరి చెక్క గరిటెలు నాలుగు కేజీలే ఉన్నా 16 కేజీలకి డబ్బులు కట్టాల్సొస్తది, అందుకే పెట్టె సరిపోయేంతే తీస్కోండి.
- బరువు సామాను ఆర్టీసీ కార్గోలో వేస్తే, అటు బస్టాండ్ నుంచి ఇంటికి ఎవరు తెస్తారో ముందే మాట్లాడుకోండి.
- ఇన్సూరెన్స్ గాజుకీ పింగాణీకీ వర్తిస్తదా? రాసిచ్చిందే లెక్క, కౌంటర్లో "ఏం కాదులే సార్" అన్నది కాదు.
- జాడీ మూతకి టేపు, చుట్టూ బబుల్ షీటు. పెట్టె ఊపితే లోపల కదలకూడదు. ఫ్రాజైల్ స్టిక్కర్ మీద నాకైతే పెద్ద నమ్మకం లేదు.
- సీల్ వేసేముందు ఫొటోలు తీస్కోండి, బిల్లు దాచండి.