ఫాండెంట్ పువ్వులు ఆరడం లేదా? ముందు వేలితో నొక్కి చూడండి

వడియాలు పెట్టి అలవాటైన చేతికి ఫాండెంట్ (కేకు మీద పరిచే చక్కెర ముద్ద) పువ్వులు ఆరబెట్టడం ఏపాటి పని అనిపిస్తుంది. చేసి, పళ్లెంలో పరిచి, గాలికి వదిలేస్తే మర్నాటికి గట్టిపడవా? నేనూ అలాగే అనుకున్నాను. అప్పుడు కాకినాడలో ఆగస్టు నెల. మా అమ్మాయి పుట్టినరోజు కేకు కోసం చేసిన పన్నెండు గులాబీలు మూడు రోజులైనా చెవి తమ్మెలంత మెత్తగానే ఉన్నాయి. నాలుగో రోజు మబ్బు విడవగానే డాబా మీద ఎండలో పెట్టాను. రంగు వెలిసింది, రేకులు వాలిపోయాయి.

వడియంలో నీరు పోతే మిగిలేది పిండే కాబట్టి గట్టిపడుతుంది. ఫాండెంట్ అలా కాదు. కేకు మీద పరిచినప్పుడు పగలకుండా మెత్తగా ఉండాలనే అందులో గ్లిజరిన్, లిక్విడ్ గ్లూకోజ్ వేస్తారు. ఆ రెండూ తేమను వదలనివ్వవు. అందుకే ఇంకో రోజు చూద్దామని ఊరుకోకుండా వేలితో నొక్కండి. ఎక్కడ మెత్తగా ఉందో, ఎప్పటి నుంచి మెత్తగా ఉందో చూస్తే కారణం దాదాపు తెలిసిపోతుంది.

రెండు రోజులైనా అంతటా మెత్తగా ఉంది, వంచితే వంగుతోంది

తప్పు ముద్దలోనే ఉంది. కేకుకు కప్పే ఫాండెంట్‌తోనే బొమ్మలు కూడా చేసి ఉంటారు. మార్ష్‌మాలోలు కరిగించి చేసిన ముద్దయితే మరీ మొండికేస్తుంది, ఎందుకంటే వాటిలో ముందే సిరప్ ఉంటుంది.

దీనికి మందు సీఎంసీ (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్) అనే, తినదగిన జిగురు పొడి. టైలోజ్ పేరుతో అమ్మేదీ ఇదే పని చేస్తుంది. 250 గ్రాముల ముద్దకు ఒక టీస్పూను చొప్పున చల్లి, చేతికి కాస్త వనస్పతి రాసుకుని బాగా మర్దించండి. తర్వాత ప్లాస్టిక్ పొరలో గట్టిగా చుట్టి, గాలి చొరని డబ్బాలో రాత్రంతా ఉంచండి. చాలామంది ఈ విరామం ఇవ్వకుండానే పొడి పనిచేయలేదని తిట్టుకుంటారు. పొడి నీటిని పీల్చుకుని ఉబ్బడానికి కొన్ని గంటలు పడుతుంది. మర్నాడు ముద్దను సాగదీస్తే బిగువు మీకే తెలుస్తుంది.

అలంకరణల కోసమే విడిగా ముద్ద చేస్తున్నట్లయితే గ్లిజరిన్ మానేయండి. చక్కెర ఇంట్లోనే మిక్సీలో పొడి చేసేవారు పలుచని గుడ్డలో జల్లించి, కాస్త కార్న్‌ఫ్లోర్ కలపాలి. పలుకు మిగిలితే ముద్ద కుదరదు, కుదరలేదని మనం నీళ్లు పోస్తాం, ఆ నీళ్లే తర్వాత ఏడిపిస్తాయి.

ఇప్పటికే చేసేసిన పువ్వులు ఒకే రంగువైతే మళ్లీ ముద్ద చేసి పొడి కలపవచ్చు. రంగురంగుల బొమ్మయితే ఆశ వదులుకోండి. కొత్తది చేయడానికే తక్కువ సమయం పడుతుంది.

పైన గట్టి, అడుగున చెమ్మ

స్టీలు పళ్లెంలో పెట్టారు, అడుగుకు గాలి ఆడలేదు. కార్న్‌ఫ్లోర్ చల్లిన స్పాంజి షీటు మీదికి మార్చి, పూటకోసారి తిప్పండి. వంపు కోసం గరిటెలో ఆరబెట్టే రేకులను ఆకారం నిలవగానే బయటికి తీయండి.

పైన పెంకు కట్టింది, లోపల మెత్తన, బొమ్మ కుంగిపోతోంది

ఇది మందం వల్ల వచ్చే సమస్య. పొడి గాలిలో పలుచని రేకు ఒక రాత్రిలో ఆరితే, బొటనవేలంత మందమున్న ఒళ్లు ఆరడానికి నాలుగైదు రోజులు కావాలి. పైపెంకు ముందే గట్టిపడితే లోపలి తేమకు దారి ఉండదు. పెద్ద బొమ్మలకు లోపల మరమరాల ఉండ పెట్టి, పైన పలుచగా ఫాండెంట్ కప్పడం మేలు. మరమరాలను పాకంతో కాకుండా కరిగించిన తెల్ల చాక్లెట్‌తో ఉండ కట్టండి. తల, చేతులు విడిగా ఆరాకే అతికించండి. లోపల ఊతానికి ఉడికించని స్పగెట్టి పుల్ల చాలు. పిల్లలు తినే కేకులో టూత్‌పిక్‌లు నాకు ససేమిరా ఇష్టం లేదు. అతికించడానికి చిటికెడు సీఎంసీ కలిపిన నీటిచుక్క సరిపోతుంది, ధారాళంగా పూస్తే అతుకు దగ్గరే కరుగుతుంది.

ఎర్రవి, నల్లవి మాత్రమే ఆరడం లేదు

చిక్కటి రంగు కోసం పోసిన రంగే కారణం. నీళ్ల రంగులు వద్దు. జెల్ రంగైనా ముదురుగా రావాలంటే ఎక్కువ పడుతుంది, దాంతో ముద్ద జిగురవుతుంది. కొద్దిగా కలిపి రాత్రంతా ఉంచితే రంగు దానంతటదే ముదురుతుంది. మిగతాది పొడి రంగుతో సరిచేయండి, లేదా ఆరాక పైన కుంచెతో అద్దండి.

ఆరింది, తర్వాత మళ్లీ మెత్తబడి మెరుస్తోంది

అన్నిటికన్నా బాధించేది ఇదే. వానాకాలంలో బెల్లం చెమర్చడం చూశారు కదా, ఇదీ అదే. సముద్రతీరంలో ఉండేవారికి ఈ తిప్పలు ఏడాదంతా తప్పవు. అదే బొమ్మ వేసవిలో హైదరాబాద్‌లోనైతే అడగకుండానే ఆరుతుంది.

వాన రోజుల్లో కిటికీలు మూసి, ఏసీ ఉన్న గదిలో ఫ్యాను గాలికి ఆరబెట్టండి. ఏసీ లేకపోతే ఓవెన్ లోపలి బల్బు మాత్రమే వెలిగించి, తలుపు కొద్దిగా తెరిచి ఉంచండి. వేడి పెట్టారో, చక్కెర కరిగి బుడగలొస్తాయి. ఓవెన్ తలుపు మీద ఒక చీటీ అంటించడం మరవకండి. మా ఇంట్లో ఎవరో బిస్కెట్ల కోసం ఓవెన్ వేసి నా సీతాకోకచిలుకలను పాకం చేశారు. ఆరినవాటిని సిలికా జెల్ పొట్లాలున్న డబ్బాలో, పొట్లాలు తగలకుండా దాచండి.

ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. అక్కడ ఉన్నంతసేపూ బాగానే ఉంటాయి, బయటికి తీయగానే చల్లటి చక్కెర మీద గాలిలోని తేమ నీరై దిగుతుంది. కేకుతో పాటే పెట్టక తప్పకపోతే అట్టపెట్టెలో పెట్టి, బయటికి తీశాక చల్లదనం పోయేదాకా పెట్టె తెరవకండి. చెమర్చిన పువ్వును ముట్టుకోకుండా ఫ్యాను కింద ఉంచితే చాలావరకు తేరుకుంటుంది. వేలు పెట్టారో, ముద్ర పడుతుంది.

మనవైపు కేకుల్లో ఎక్కువ భాగం విప్పింగ్ క్రీమువే. ఆ క్రీములోని నీరు పువ్వును అడుగు నుంచి కరిగిస్తుంది. పువ్వు వెనుక కరిగించిన చాక్లెట్ పలుచగా పూసి ఆరనిచ్చి, కేకు కోసే ముందు పెట్టండి.

గట్టిపడింది, కానీ చేస్తుండగానే పగుళ్లు

సీఎంసీ ఎక్కువైంది. మామూలు ఫాండెంట్ కొంచెం కలిపి మర్దించండి. ఆరాక విరిగిన రేకునైతే, అదే రంగు ముద్దను చుక్క నీటితో పేస్టులా నూరి అతికించండి. ఆ అతుకును ఆకు కిందికి తిప్పేస్తే సరి.