స్పోర్ట్స్ కారు సర్వీసింగ్‌కు డీలరు వేసే బిల్లును అదుపులో ఉంచుకోవడం ఎలా?

ఐదారేళ్లు నడిచిన పోర్షే 911ను కొత్తదానికంటే బాగా తక్కువ ధరకు కొన్నవారికి అసలు ఖర్చు మొదటి వార్షిక సర్వీసు నాడు తెలుస్తుంది. వయసు పెరిగేకొద్దీ కారు ధర తగ్గుతుంది గాని, దాని స్పేర్ పార్టుల ధరలు, అధికారిక డీలరు గంటకు తీసుకునే లేబర్ ఛార్జీ ఏటేటా పెరుగుతూనే ఉంటాయి. అమెరికాలో స్థిరపడి ఇలాంటి కారును ఇష్టపడి కొనుక్కున్న తెలుగువారికైనా, హైదరాబాదులో దిగుమతి కారు నడిపేవారికైనా చిక్కు ఒక్కటే. డీలరును పూర్తిగా మానేయవలసిన అవసరం లేదు. ఏ పని డీలరు చేతనే చేయించాలో, ఏది బయట చేయించుకోవచ్చో యజమాని ముందుగానే తేల్చుకుని వెళ్లాలి. ఆ తేల్చుకునే పద్ధతిని 911ను ఉదాహరణగా తీసుకుని ఇక్కడ వివరిస్తున్నాము.

ముందుగా మెయింటెనెన్స్ పుస్తకం చదవండి

డీలరు వద్ద పనులు రాసుకుని ఎస్టిమేటు ఇచ్చే సర్వీస్ అడ్వైజరుకు ఫోన్ చేయకముందే, కారుతో పాటు వచ్చిన మెయింటెనెన్స్ పుస్తకంలో మీ మోడలు సంవత్సరానికి, మీ దేశానికి వర్తించే పట్టికను చూడండి. అమెరికాలో అమ్మిన 911లకు సాధారణంగా ఏడాదికి ఒకసారి గాని 10,000 మైళ్లకు గాని, ఏది ముందైతే అప్పుడు, ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. బ్రేక్ ఫ్లూయిడ్‌ను రెండేళ్లకు, చాలా మోడళ్లలో స్పార్క్ ప్లగ్గులను నాలుగేళ్లకు మార్చాలి. వారాంతాల్లో మాత్రమే బయటికి తీసే కారు మైళ్ల పరిమితిని ఎప్పటికీ చేరదు కనుక, బిల్లులోని పనులన్నీ దాదాపుగా కాలపరిమితి వల్ల వచ్చేవే అవుతాయి. వీటిలో బ్రేక్ ఫ్లూయిడ్‌ను వాయిదా వేయకూడదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరినకొద్దీ దాని మరుగు ఉష్ణోగ్రత పడిపోతుంది, వేగంగా నడిపి గట్టిగా బ్రేకు వేసినప్పుడు పెడలు మెత్తబడే ప్రమాదం ఏర్పడుతుంది. వారంటీ ముగిసిన కారులో, నాలుగేళ్లలో కొద్ది మైళ్లు మాత్రమే తిరిగిన ప్లగ్గుల విషయంలో నమ్మకమైన మెకానిక్ సలహా తీసుకుని కొంత కాలం ఆగవచ్చు. వారంటీ ఉన్నంతకాలం మాత్రం పట్టికను తు.చ. తప్పకుండా పాటించడమే మేలు.

ఆ పట్టికలో లేని పనులను ఒక కాగితం మీద విడిగా రాసుకోండి. ఫ్యూయల్ సిస్టమ్ క్లీనింగ్, ఇంజిన్ ఫ్లష్, ఏసీ శుద్ధి వంటివి ఎస్టిమేటులో కనిపిస్తే, వాటిని తయారీదారు కోరుతున్నాడా లేక డీలరు కోరుతున్నాడా అని అడగండి. డీలరు కోరేవైతే మర్యాదగా వద్దనవచ్చు. ఒక్కోసారి ఈ ఒక్క ప్రశ్నతోనే బిల్లు చెప్పుకోదగినంత తగ్గుతుంది.

ఎస్టిమేటును పద్దులుగా విడగొట్టించండి

మొత్తం ఒకే అంకెగా చెప్పే ఎస్టిమేటును అంగీకరించవద్దు. లేబర్ గంటలు, గంట ధర, పార్టు నంబర్లతో సహా స్పేర్ పార్టులు, ఆయిళ్లు, చిల్లర సామగ్రి పేరిట వేసే రుసుము, పన్ను అన్నీ విడివిడిగా రాయించుకోండి. కాలిఫోర్నియాలో రిపేరుకు ముందే రాతపూర్వక ఎస్టిమేటు ఇవ్వడం, అది దాటితే యజమాని అనుమతి తీసుకోవడం చట్టరీత్యా తప్పనిసరి. ఈ వ్యవహారాలను అక్కడి బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్ పర్యవేక్షిస్తుంది. మీ రాష్ట్రంలో నియమం ఎలా ఉన్నా, అడిగితే చాలా చోట్ల ఇస్తారు.

లేబర్ పద్దును అర్థం చేసుకుంటేనే ఈ కార్ల సర్వీసు ఎందుకు ఖరీదో తెలుస్తుంది. డీలర్లు మెకానిక్ గడియారం చూసి బిల్లు వేయరు. ఒక్కో పనికి ఇన్ని గంటలని ముందే నిర్ణయించిన పట్టిక ఉంటుంది. మెకానిక్ అంతకంటే త్వరగా ముగించినా ఆ గంటలకే డబ్బు కట్టాలి. 911లో ఇంజిన్ వెనుక చక్రాల ఇరుసుకు వెనుకన, బంపరు కింద ఒదిగి ఉంటుంది. ఆరు సిలిండర్లు మూడేసి చొప్పున ఇరువైపులా అడ్డంగా పడుకుని ఉంటాయి. కాబట్టి మామూలు కారులో బానెట్ ఎత్తి అరగంటలో మార్చే ప్లగ్గుల కోసం ఇక్కడ వెనుక చక్రాలు, బంపరు, కొన్ని మోడళ్లలో ఇంకా లోపలి భాగాలు కూడా విప్పవలసి వస్తుంది. ఇటలీ వాహనాల్లో ఇది మరీ తీవ్రం: ఫెరారీ ఎఫ్355లో టైమింగ్ బెల్టు (ఇంజిన్ వాల్వులను సరైన సమయానికి నడిపించే బెల్టు) మార్చాలంటే ఇంజిన్‌నే కిందికి దించాలి. 2004లో వచ్చిన ఎఫ్430లో బెల్టుకు బదులు చెయిన్ పెట్టడంతో ఆ పెద్ద ఖర్చు తప్పింది. పాత ఫెరారీ చవగ్గా దొరుకుతోందని సంబరపడేవారు ముందు చూడవలసినది ఓడోమీటరును కాదు, బెల్టు ఎప్పుడు మార్చారో చెప్పే రసీదును.

విప్పడానికే ఎక్కువ సమయం పట్టే కారులో ఒకసారి విప్పినప్పుడే చేయగలిగినవన్నీ చేయించుకోవడం లాభం. బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఫ్లూయిడ్ రెండింటికీ చక్రాలు తీయాలి గదా. వాటిని వేర్వేరు పనులుగా చూపి రెండుసార్లు చక్రాలు తీసిన గంటలు వేశారేమో చూసి, ఉమ్మడి శ్రమను తగ్గించమని అడగండి. ఇది బేరం కాదు, న్యాయమైన లెక్క. సర్వీస్ అడ్వైజర్లు కూడా దీన్ని తరచు ఒప్పుకుంటారు.

ఇక పార్టులు. 911లో ఒకసారి ఆయిల్ మారిస్తే మోడలును బట్టి ఏడు, ఎనిమిది లీటర్ల వరకు పడుతుంది, చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో పట్టేదానికి ఇది సుమారు రెట్టింపు. ఆ ఆయిల్ పోర్షే ఆమోదించిన ప్రమాణానిదై ఉండాలి గాని, డీలరు అల్మారాలోంచే రావాలన్న నియమం లేదు. పైగా పోర్షే పెట్టెలో వచ్చే ప్రతి వస్తువూ పోర్షే కర్మాగారంలో తయారైనది కాదు: పీడీకే అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సు జెడ్‌ఎఫ్ సంస్థది, అనేక మోడళ్ల బ్రేక్ క్యాలిపర్లు బ్రెంబోవి, ఆయిల్ ఫిల్టర్లలో చాలా వరకు మాలే సంస్థవి. అదే తయారీదారు సొంత పేరుతో అమ్మే ఫిల్టరు డీలరు ధరకంటే చవకగా దొరుకుతుంది. ఊరూపేరూ లేని నకిలీ పార్టుల జోలికి మాత్రం పోవద్దు.

వారంటీ భయాన్ని చట్టంతో కొలవండి

బయట సర్వీసు చేయిస్తే వారంటీ పోతుందన్న మాట చాలామందిని డీలరు గుమ్మానికి కట్టిపడేస్తుంది. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, ఫలానా చోటే సర్వీసు చేయించాలనో, ఫలానా కంపెనీ పార్టులే వాడాలనో షరతు పెట్టడం చెల్లదు. ఆ సర్వీసును, పార్టులను ఉచితంగా ఇచ్చినప్పుడు మాత్రమే అలా కోరవచ్చు. బయట చేసిన పని వల్లే లోపం తలెత్తిందని తేలితే ఆ లోపానికి వారంటీ నిరాకరించవచ్చు గాని, మొత్తం వారంటీని కొట్టేయడానికి వీల్లేదు. అందుకే ప్రతి సర్వీసుకూ తేదీ, మైళ్లు, వాడిన ఆయిల్ పేరు, ప్రమాణం, పార్టు నంబర్లు ఉన్న రసీదును భద్రపరచండి.

అయినా కొత్త పోర్షేకు అమెరికాలో ఉండే నాలుగేళ్ల లేదా 50,000 మైళ్ల వారంటీ కాలంలో డీలరు వద్దకే వెళ్లడం వల్ల వాదులాట తగ్గుతుందన్నది మా అభిప్రాయం. వారంటీ పనులు, రికాల్ పనులు (తయారీ లోపాన్ని సరిచేసేందుకు కంపెనీయే కార్లను వెనక్కి పిలిచి చేసేవి) ఎలాగూ అక్కడ ఉచితమే. రికాల్ ఉందో లేదో అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో మీ వాహన గుర్తింపు సంఖ్య ఇచ్చి ఉచితంగా తెలుసుకోవచ్చు. ఫెరారీ 2011 నుంచి తన కొత్త కార్లకు ఏడేళ్ల షెడ్యూల్డ్ సర్వీసింగ్‌ను కలిపే ఇస్తోంది, యజమాని మారినా ఆ సదుపాయం కారుతోనే ఉంటుంది. పాత కారు కొనేటప్పుడు అందులో ఎన్నేళ్లు మిగిలాయో చూడటం మరిచిపోవద్దు.

స్వతంత్ర గ్యారేజీని ఎంచుకోండి

వారంటీ ముగిశాక మీ బ్రాండు మీదే పనిచేసే స్వతంత్ర గ్యారేజీ సరైన చోటు. అన్ని కార్లూ చేసే సందు చివరి గ్యారేజీని ఇక్కడ ఉద్దేశించడం లేదు. లోపాలను కనిపెట్టడానికి పోర్షే వాడే పివిస్ డయాగ్నొస్టిక్ పరికరం గాని దానికి సాటివచ్చేది గాని ఉందా, మీ తరం ఇంజిన్ తరచు చేస్తారా, అధికారిక డీలరు వద్ద పనిచేసిన మెకానిక్కులు ఉన్నారా అని అడగండి. ఇంకో చిన్న పరీక్ష ఉంది: మామూలు 911 చక్రం బోల్టులను ఎంత టార్క్‌తో (మెలితిప్పే బలంతో) బిగిస్తారని మాటల్లో అడిగి చూడండి. 2011 నుంచి 2019 వరకు తయారైన 991 తరంలో అది 160 న్యూటన్ మీటర్లు. 911లోనే జీటీ3 వంటి మోడళ్లకు ఉండే, మధ్యలో ఒకే పెద్ద నట్టుతో బిగించే సెంటర్ లాక్ చక్రాలకైతే 600. తడుముకోకుండా చెప్పేవారికి, కనీసం మాన్యువల్ తెరిచి చూసేవారికి కారు అప్పగించవచ్చు.

ఎయిర్ ఫిల్టరు, క్యాబిన్ ఫిల్టరు, వైపర్లు మీరే మార్చుకోవచ్చు. బ్రేకులు, గేర్‌బాక్సు ఆయిల్ వంటివాటిలో మాత్రం ప్రయోగాలు వద్దు.

భారతదేశంలో అయితే

ఇక్కడ స్వతంత్ర గ్యారేజీకి ఒరిజినల్ పార్టులు, డయాగ్నొస్టిక్ పరికరాలు దొరకడమే కష్టం. ఈ విషయంపైనే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544.65 కోట్ల రూపాయల జరిమానా విధించి, పార్టులను, పరికరాలను బహిరంగ మార్కెట్లో అందుబాటులో ఉంచాలని ఆదేశించింది. ఆ జాబితాలో బీఎండబ్ల్యూ, మెర్సిడెస్-బెంజ్ ఉన్నాయి. దానిపై కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ (మరమ్మతు హక్కు) పోర్టల్‌ను ప్రారంభించింది. వివాదం వస్తే 1915 నంబరు గల జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫిర్యాదు చేయవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో విడిభాగాలపై జీఎస్టీ ఒకే విధంగా 18 శాతం అయింది కనుక, బిల్లులో పాత 28 శాతం కనిపిస్తే అడగండి. అధికారిక సర్వీస్ కేంద్రం లేని ఊరి నుంచి తరలించే కారుకు ఫ్లాట్‌బెడ్ లారీ ఖర్చు కూడా సర్వీసు ఖర్చులోదే. విదేశాల నుంచి రావలసిన పార్టులను ముందుగా ఆర్డరు పెట్టించి, అవి వచ్చాకే కారును పంపితే ఆ ప్రయాణం ఒక్కసారితో ముగుస్తుంది.

కారు తీసుకునేటప్పుడు

డబ్బు కట్టే ముందు రసీదును మొదటి ఎస్టిమేటుతో పద్దు పద్దుగా పోల్చండి. పాత పార్టులు కావాలని కారు అప్పగించే రోజే జాబ్ కార్డులో రాయించి ఉంటే, ఇప్పుడు వాటిని చూపించమనండి. 991 తరం 911లో ఆయిల్ చూసే పుల్ల ఉండదు. కారును చదునైన నేల మీద ఉంచి, ఇంజిన్ వేడెక్కాక డిస్‌ప్లేలో మట్టం చూసుకోవాలి. గీత పైహద్దును దాటితే ఎక్కువైన ఆయిల్‌ను అక్కడే తీయించండి, ఇంటికి చేరాక ఫోన్ చేస్తే మళ్లీ అపాయింట్‌మెంట్ కోసం ఆగవలసి వస్తుంది.