నిలబడే ఉద్యోగం, కాళ్ళ వాపు: తగ్గించుకున్న తీరు

తిరుపతిలో బట్టల షాపు కౌంటర్, రోజుకు పది గంటలు నిలువుకాళ్ళ మీద. సాయంత్రానికి సాక్సు అంచు దగ్గర గాడి, వేలితో నొక్కితే గుంట. అలిపిరి మెట్లు ఎక్కిన రోజు మాత్రం ఇంత వాపు ఉండేది కాదు.

తేడా పిక్కలోనే ఉంది. పిక్క కండరం బిగుసుకున్నప్పుడల్లా సిర నలిగి రక్తం గుండె వైపు లేస్తుంది. సిరలోని కవాటాలు దాన్ని వెనక్కి జారనివ్వవు. కదలకుండా నిలబడితే పాదం సిరలో ఒత్తిడి సుమారు 90 మి.మీ. పాదరసం. నడిస్తే 30 లోపుకు దిగుతుంది.

అందుకే అరగంటకోసారి 20 సార్లు మడమలెత్తి దించడం. రాత్రి 15 నిమిషాలు కాళ్ళు గుండెకన్నా ఎత్తులో (ఒక్క దిండు చాలదు).

డాక్టర్ని అడిగి మోకాలి కిందిదాకా వచ్చే కంప్రెషన్ సాక్సు (కాలిని బిగించి పట్టే సాక్సు), 20–30 మి.మీ. పాదరసం ఒత్తిడి ఇచ్చే రకం. పొద్దున్నే చీలమండ, పిక్క చుట్టుకొలతలు టేపుతో కొలిచి సైజు తీసుకోవాలి, మంచం దిగకముందే తొడగాలి. పొడవెక్కువైందని పైఅంచు మడిచానా, అక్కడ ఒత్తిడి పెరిగి తాడు కట్టినట్టయింది. వాపు ఇంకా ఎక్కువైంది. ధమనుల్లో అడ్డంకి ఉన్నవాళ్ళు, షుగర్‌తో పాదాల స్పర్శ తగ్గినవాళ్ళు సొంతంగా వేసుకోకూడదు.

ఒక్క కాలే ఉబ్బి, నొప్పి, వేడి ఉంటే మాత్రం పిక్క పిసకొద్దు. రక్తం గడ్డ కావచ్చు. అదే రోజు డాక్టర్‌కు చూపించి డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తప్రవాహం చూసే స్కాన్) చేయించాలి.