సైటేషన్లు లెక్కపెట్టే ముందు పేరు సరిచేసుకోండి

ఎచ్చెర్లలో పాఠాలు చెప్పేవారైనా, విజయనగరంలో పీహెచ్‌డీ చేస్తున్నవారైనా దరఖాస్తు ముందేసుకోగానే పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్ తెరిచి, సైటేషన్ల (మీ పేపర్‌ని ఇతరులు తమ పేపర్లలో ఉదహరించిన సార్లు) మీద లెక్కకట్టే హెచ్-ఇండెక్స్ రాసేసుకుంటారు. అది ఆఖరున చేయాల్సిన పని. ముందు మీ పేపర్ల జాబితా మీ చేత్తో మీరే రాయండి: శీర్షిక, జర్నల్, సంవత్సరం, సంపుటి, పేజీలు, డీఓఐ (పేపర్‌కి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉంటే అది, రచయితల వరసలో మీ స్థానం. ఏ సైటు చూపించే సంఖ్యనైనా ఈ జాబితాతోనే సరిచూడాలి.

మన వైపు పేర్లతోనే సగం తంటా. పిల్లా అప్పలనాయుడు అని ఒకరున్నారనుకుందాం. ఒక పేపర్లో పి. అప్పలనాయుడు, ఇంకోదాంట్లో ఎ. పిల్లా. మరొకచోట అప్పల, నాయుడు అని విడగొట్టి అచ్చువేస్తే ‘నాయుడు’ ఇంటిపేరై కూర్చుంటుంది. పేపర్లనీ వాటి సైటేషన్లనీ పట్టికగా ఉంచే స్కోపస్ సైటు ఈయన్ని ముగ్గురు మనుషులనుకుని మూడు ఐడీలు ఇచ్చేయొచ్చు. ఇదే ఊళ్లో ఇంకో అప్పలనాయుడు ఉంటే ఆయన పేపర్లు కూడా వచ్చి కలుస్తాయి. కాబట్టి ఒకే రూపం ఎంచుకుని ఇకమీదట అన్నిచోట్లా అదే రాయండి. పరిశోధకులకి గుర్తింపు సంఖ్యలిచ్చే ఆర్కిడ్ (ORCID) సైటులో ఉచితంగా నమోదైతే 16 అంకెల గుర్తింపు వస్తుంది. పాత పేరు రూపాలన్నీ అందులో చేర్చవచ్చు. స్కోపస్‌లో విడిపోయిన ఐడీలను కలపమని కోరడానికి రచయితల కోసం ప్రత్యేక ఫారం ఉంది.

గూగుల్ స్కాలర్ ప్రొఫైల్‌కి కాలేజీ మెయిల్ ఇచ్చి ధ్రువీకరించుకోండి. కొత్త పేపర్లు వాటంతటవే చేరిపోయే అమరిక తీసేసి, ముందు మెయిల్‌లో అడిగేలా పెట్టుకోండి. లేకపోతే ఏదో ఒకరోజు మీకు తెలియని మత్స్యశాస్త్ర పేపర్ మీ ఖాతాలో కనిపిస్తుంది. ఒకే పేపర్ రెండుసార్లు ఉంటే ఒకదాన్ని తుడిచేయకండి, దాంతోపాటు దాని సైటేషన్లూ పోతాయి. రెండింటికీ టిక్ పెట్టి ‘మెర్జ్’ నొక్కండి. సంఖ్య పక్కన నక్షత్రం గుర్తు కనిపిస్తే ఆ లెక్కలో వేరే పేపర్ సైటేషన్లు కలిసి ఉండవచ్చు, తెరిచి చూడండి.

ఇప్పుడు హెచ్-ఇండెక్స్. మీ పేపర్లలో ఎన్నింటికి కనీసం అన్నేసి సైటేషన్లు ఉన్నాయో, ఆ సంఖ్యల్లో అతి పెద్దదే ఇది. దీన్ని 2005లో భౌతికశాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించారు. పేపర్లను సైటేషన్ల ప్రకారం పైనుంచి కిందికి పేర్చండి: 24, 17, 9, 6, 5, 5, 3, 1, 0. అయిదో పేపర్‌కి 5 ఉన్నాయి, ఆరోదానికీ అయిదే. ఆరుకి చాలలేదు కాబట్టి హెచ్-ఇండెక్స్ 5. పదికి తగ్గకుండా సైటేషన్లు ఉన్నవి రెండే, అంటే ఐ10 ఇండెక్స్ 2. మొత్తం 70. మొదటి పేపర్‌కి 24 బదులు 240 ఉన్నా హెచ్ అయిదే. ఈ కొలత గుణమూ లోపమూ కూడా అదే. మిమ్మల్ని మీరే ఉదహరించుకున్నవి తీసేసి స్కోపస్ లెక్క చూపగలదు, ఆ సంఖ్య కూడా పక్కన రాసుకోండి. స్కోపస్ తన పట్టికలో ఉన్న ప్రచురణల నుంచి వచ్చినవే లెక్కిస్తుంది. స్కాలర్ మాత్రం థీసిస్‌లు, అచ్చుకాని ముసాయిదాలు కూడా కలుపుతుంది కాబట్టి సాధారణంగా స్కాలర్ సంఖ్యే పెద్దది. ఒక దరఖాస్తులో రెండింటినీ కలగలపకండి.

అసలు గొడవ శాఖల మధ్య పోలికలో వస్తుంది. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద పేపర్‌కి పదిమంది రచయితలు ఉండొచ్చు, సైటేషన్లు త్వరగా పడతాయి. గణితంలో పేపర్లూ తక్కువే, సైటేషన్లూ నెమ్మదే. తెలుగు శాఖవారి పని ఎక్కువగా పుస్తకాల్లో ఉంటుంది, ఈ సూచీలకి అది సరిగా చిక్కదు. గిడుగు రామమూర్తి 1931లో అచ్చువేసిన సవర భాషా గ్రంథానికి డీఓఐ ఎక్కడిది?  వేర్వేరు శాఖలవారిని పక్కపక్కన పెట్టక తప్పనప్పుడు స్కోపస్‌లోని ఎఫ్‌డబ్ల్యూసీఐ (శాఖ తేడాని సరిచేసి చూపే సైటేషన్ల కొలత) చూడండి. అదే విషయంలో, అదే ఏడాది వచ్చిన అదే రకం పేపర్ల ప్రపంచ సగటు 1. మీది 1.5 అయితే సగటుకన్నా యాభై శాతం ఎక్కువ. పేపర్లు నాలుగైదే ఉంటే మాత్రం దాన్ని నమ్మకండి, ఒక్కటి బాగా పేలితే సగటంతా ఎగిరిపోతుంది.

సంఖ్య ఎక్కడ రాసినా దాని పక్కన సైటు పేరు, చూసిన తేదీ వేయండి, ఆ రోజు పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి. ఇంటర్వ్యూ నాటికి ఆ సంఖ్య మారిపోతుంది.